జీడిపప్పు పొట్టు, మామిడి టెంక: పారేసేవాటి నుంచి సరుకు తీయడం నిజంగా గిట్టుతుందా?

కాశీబుగ్గ కుర్రోడు · సోమవారం రాత్రి 10.12

అందరికీ నమస్కారం. మాది కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ. నాన్న పెట్టింది, ఇప్పుడు అక్కా నేనూ చూసుకుంటున్నాం. రోజుకు పది బస్తాల పిక్కలు నడుస్తాయి. బస్తా అంటే మా వైపు 80 కేజీలు. పిక్క మీది గట్టి తొక్క, నూనె తీసే మిల్లుకు పోతుంది, దాంతో ఏ గొడవా లేదు. నా బాధంతా పొట్టు గురించి. పప్పు మీద ఉండే ఎర్రటి పొర ఉంటుంది కదా, అది రోజుకు 20 కేజీల దాకా వస్తుంది. ఎప్పుడో ఒక లారీవాడు వస్తే వాడిచ్చిందే ధర. రాకపోతే బాయిలర్‌లో వేసేస్తాం.

మొన్న విశాఖలో ఒక కన్సల్టెంట్ కలిశాడు. పొట్టులో కాటెకిన్లు, పాలీఫెనాళ్లు ఉంటాయట. వాటిని తీసి పౌడర్ చేస్తే కిలో వేలల్లో పలుకుతుందట. ప్లాంటుకు 40 లక్షలు అవుతుంది, సబ్సిడీ కూడా ఇప్పిస్తానన్నాడు. "మీ బాయిలర్‌లో నోట్లు కాలుతున్నాయండీ" అన్న మాట మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు. అక్క వద్దే వద్దంటోంది. ఏటి చెయ్యాలో చెప్పండి.

లెక్కల మాస్టారు · సోమవారం రాత్రి 10.31

ఆ పౌడర్ ఎవరు కొంటారో చెప్పాడా? ఒక్క కంపెనీ పేరైనా?

కాశీబుగ్గ కుర్రోడు · సోమవారం రాత్రి 10.34

మార్కెట్ చాలా పెద్దదన్నాడు మాస్టారూ.

లెక్కల మాస్టారు · సోమవారం రాత్రి 10.40

సముద్రమూ పెద్దదే. నీ బిందెలోకి ఎన్ని నీళ్లొస్తాయో చెప్పమను.

తార్నాక కెమిస్ట్ · మంగళవారం ఉదయం 7.05

కన్సల్టెంట్ చెప్పిన కెమిస్ట్రీలో అబద్ధం లేదు. జీడి పొట్టులో టానిన్లు దండిగా ఉంటాయి, వాటిలో ముఖ్యమైనవి కాటెకిన్, ఎపికాటెకిన్. టీ ఆకులో ఉండే కుటుంబమే ఇది. పొట్టును నోట్లో వేసుకుని నమిలితే నాలుక పట్టేసినట్టవుతుంది కదా, ఆ వగరే టానిన్. లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని గట్టిపరుస్తుంది. తోలు పదును చేసేటప్పుడు కూడా జరిగేది ఇదే పని. అందుకే జీడి పొట్టు ఎప్పటి నుంచో తోలు పరిశ్రమకు పోతోంది. మీ లారీవాడి దారి కూడా అటే అయ్యుండొచ్చు.

తీయడం కష్టమేమీ కాదు. సగం నీళ్లు, సగం ఇథనాల్ కలిపి, 50–60 డిగ్రీల దగ్గర గంటసేపు కలియబెట్టి, వడకట్టి, ఇథనాల్ వెనక్కి లాగేసి ఆరబెడితే ఎర్రమట్టి రంగు పొడి వస్తుంది. అల్ట్రాసౌండ్ పెడితే టైం తగ్గుతుంది. కొందరు సూపర్ క్రిటికల్ సీఓ2 అని ఊరిస్తారు. కార్బన్ డయాక్సైడ్‌ను 31 డిగ్రీలు, 74 బార్ దాటించి ద్రావణిలా వాడే పద్ధతి అది. నూనె లాంటి పదార్థాలకు బాగుంటుంది. నీళ్లలో కరిగే టానిన్లకు దాంతో పెద్దగా పని లేదు, పైగా మెషిన్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. మీవాడు దాని పేరెత్తితే లేచి వచ్చేయండి.

ఇంకో మాట. మీరు గొడవ లేదన్న తొక్కలోనే అసలు కెమిస్ట్రీ ఉంది. పచ్చి తొక్క నూనెలో 60 శాతానికి పైగా అనకార్డిక్ ఆసిడ్, ఆ తర్వాత కార్డాల్, కార్డనాల్ ఉంటాయి. నూనెను బాగా కాస్తే అనకార్డిక్ ఆసిడ్‌లోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్‌గా మారుతుంది. మిల్లులో నూనె నురగలు కక్కేది అందుకే. ఆ కార్డనాల్ బ్రేక్ లైనింగులకు, రెసిన్లకు, పెయింట్లకు పోతుంది. కాయకుండా అనకార్డిక్ ఆసిడ్‌నే విడిగా తీయాలంటే సున్నంతో కాల్షియం లవణంగా దించి, వడకట్టి, ఆమ్లం కలిపి వెనక్కి తెచ్చుకోవాలి. బెంగళూరులోని విఠల్ మాల్యా సైంటిఫిక్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు 2001లోనే ఈ పద్ధతిని ప్రచురించారు. ల్యాబ్ పరీక్షల్లో అది స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియాను బాగానే అణిచింది. ల్యాబ్ పరీక్షల్లో అన్న మాట గుర్తుంచుకోండి.

ఉద్దానం ఆడపడుచు · మంగళవారం ఉదయం 9.48

కెమిస్ట్ గారూ, మీ అనకార్డిక్ ఆసిడ్‌తో మా ఇంటికి చాలా పాత పరిచయం. మా అమ్మ 22 ఏళ్లు పిక్కలు కొట్టింది. బూడిద రాసుకుని, ఆముదం రాసుకుని కూర్చునేది. అయినా వేళ్లు నల్లబడి తోలు ఊడేది. ఇప్పుడు రేషన్ షాపులో మెషిన్ మీద వేలు పెడితే ముద్ర పడదు. ప్రతి నెలా డీలరు "ఇంకో వేలు పెట్టమ్మా" అంటాడు. పది వేళ్లూ అయిపోయాక కంటి మెషిన్ ఉన్న చోటికి పంపిస్తారు.

అమ్మ పనిచేసిన చోట గ్లౌజులు ఇచ్చేవారు కాదు. పొట్టులోంచి, తొక్కలోంచి ఏవేవో తీస్తారు, సంతోషమే. వాటిని విడదీసే చేతుల సంగతి కూడా లెక్కలో వేసుకోండి తమ్ముడూ.

తార్నాక కెమిస్ట్ · మంగళవారం ఉదయం 10.20

నిజమేనమ్మా. అనకార్డిక్ ఆసిడ్, కార్డాల్ రెండూ చర్మాన్ని తినేస్తాయి. అమెరికాలో పాయిజన్ ఐవీ అనే తీగ తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. దానిలోని ఉరుషియాల్‌కు ఇవి దగ్గరి చుట్టాలు. మామిడి, జీడిమామిడి, ఆ తీగ, అన్నీ ఒకే కుటుంబం.

ఇది మీ పొట్టు ప్రశ్నకూ తగులుతుంది కుర్రోడూ. పొట్టులో తొక్క ముక్కలు కలిస్తే ఈ నూనె కూడా మీ పౌడర్‌లోకి దిగుతుంది. ఆల్కహాల్ దాన్ని చక్కగా లాగేస్తుంది మరి. అలాంటి పౌడర్‌ను ఫుడ్ కంపెనీవాడు వాకిట్లోకి కూడా రానివ్వడు.

పదాల పెట్టె · మంగళవారం మధ్యాహ్నం 12.15

టాపిక్ బయట మాటే, క్షమించండి. మనవాళ్లకు ఈ చుట్టరికం ముందే తెలిసినట్టుంది చూడండి. మామిడి టెంక లోపలి గింజను జీడి అంటాం. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టేది నల్లజీడితో. అదీ ఈ కుటుంబం కాయే. ఇక జీడిమామిడి సరేసరి. చిన్నప్పుడు మొలకెత్తిన మామిడి జీడిని బండకు అరగదీసి బూర చేసి ఊదినవాళ్లు ఇక్కడెందరు?

చిత్తూరు గుజ్జు · మంగళవారం మధ్యాహ్నం 1.02

నేనున్నా. పెదాలు వగరెక్కి రెండు రోజులు అన్నం రుచి తెలిసేది కాదు.

మామిడి మాటొచ్చింది కాబట్టి నా గోడు కూడా వినండి. మాది గుజ్జు ఫ్యాక్టరీల ప్రాంతం, నేను ఒకదాంట్లో ప్రొడక్షన్ చూస్తా. జూన్, జూలైలో తోతాపురి దిగితే రాత్రింబవళ్లు నడుస్తుంది. కాయలో మూడో వంతుకు పైగా తోలు, టెంకా కిందే పోతాయి. అంటే ట్రాక్టర్లకు ట్రాక్టర్లు. కుర్రోడా, నువ్వు ఎంత అదృష్టవంతుడివో నీకు తెలీడం లేదు. పిక్కల్ని ఉడికించి, కోసి, పప్పును డ్రయ్యర్‌లో పెట్టాక కదా మీరు పొట్టు తీసేది? అంటే నీ చేతికి వచ్చేసరికే ఎండి ఉంటుంది. గోనెలో కట్టి ఆరు నెలలు దాచుకోవచ్చు. నా మామిడి తోలులో నాలుగింట మూడు వంతులు నీళ్లే. పొద్దున తీసింది సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి ఈగలు, మూడో నాడు ఊరివాళ్లు గేటు ముందు.

నాలుగేళ్ల కింద మా ఓనర్ కూడా జామ్ గట్టిపడడానికి వాడే పెక్టిన్ తీద్దామని మొదలెట్టాడు. తోలులో పెక్టిన్ బాగానే ఉంటుంది. వేడి ఆమ్ల జలంలో దించి ఆల్కహాల్‌తో పేరబెడితే జెల్లీలా వస్తుంది. ట్రయల్ బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఆరబెట్టడానికయ్యే కట్టెల ఖర్చు లెక్కేస్తే నవ్వొచ్చింది. అదీ కాక ఏడాదిలో రెండున్నర నెలల పనికి పన్నెండు నెలల వడ్డీ. డ్రమ్ములు ఇప్పుడు నీళ్ల ట్యాంకులు.

టెంక మాత్రం దారిలో పడింది. ఎండబెట్టి పగలగొట్టి జీడి తీసి, కొవ్వు తీసేవాళ్లకు అమ్ముతున్నాం.

ఆమ్‌స్టర్‌డామ్ ఆంధ్రుడు · మంగళవారం సాయంత్రం 6.30

ఆ కొవ్వు చివరికి చేరే వైపు ఉండేవాణ్ని నేను. ఫుడ్ ఇంగ్రీడియెంట్స్ కొనుగోళ్లలో పని. మామిడి జీడి కొవ్వులో స్టియరిక్, ఓలియిక్ ఆమ్లాలు ఎక్కువ. గది వేడిలో గట్టిగా, నోట్లో వేడికి కరిగేలా ఉంటుంది, అచ్చం కోకో బటర్ తీరు. యూరప్ 2000లో తెచ్చిన చాక్లెట్ చట్టంలో కోకో బటర్ కాకుండా ఇంకో ఆరు కొవ్వుల్ని 5 శాతం దాకా కలుపుకోనిచ్చారు. ఆ ఆరింటిలో మామిడి జీడి ఒకటి, మన అడవుల సాల గింజ ఇంకొకటి. చట్టంలో పేరు రాసి ఉంది కాబట్టే చిత్తూరు అన్న టెంకకు దారి దొరికింది.

జీడి పొట్టు పౌడర్ తెచ్చి నా టేబుల్ మీద పెడితే నేను అడిగేవి చెబుతా. తేమ ఎంత, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఎంత, పురుగుమందుల అవశేషాలు, సీసం. జీడిపప్పు అలర్జీ ఉన్నవాళ్ల సంగతి లేబుల్ మీద రాస్తావా? జనవరి సరుకూ జూలై సరుకూ ఒకేలా ఉంటాయా? పైగా 1997 మే 15కు ముందు యూరప్‌లో చెప్పుకోదగ్గంతగా తినని పదార్థమైతే దాన్ని నావెల్ ఫుడ్ అంటారు. పర్మిషన్ తెచ్చుకోవాలి, దానికి ఏళ్లు, లక్షల యూరోలు. "యాంటీ ఆక్సిడెంట్ 92 శాతం" అని బ్రోషర్ మీద వేస్తే మేం చదవను కూడా చదవం.

తార్నాక కెమిస్ట్ · మంగళవారం రాత్రి 8.11

ఆ 92 శాతం మీద నాకూ కోపమే. డీపీపీహెచ్ అని ఊదారంగు ద్రావణం ఉంటుంది, అందులో శాంపిల్ వేస్తే రంగు పోతుంది. ఎంత పోయిందో ఆ శాతం. డోసు పెంచితే ఏదైనా 90 దాటుతుంది, మా ల్యాబ్ అటెండర్ తాగే టీ కూడా. మొత్తం ఫెనాళ్లకు వాడే ఫోలిన్ పరీక్ష విటమిన్ సి లాంటివాటినీ కలిపి లెక్కేస్తుంది. కాటెకిన్ ఎంతో, ఎపికాటెకిన్ ఎంతో విడివిడిగా కావాలంటే హెచ్‌పీఎల్‌సీ అని, ఒక్కో పదార్థాన్నీ విడదీసి కొలిచే పరీక్ష చేయించాలి. కన్సల్టెంట్‌ను ఆ రిపోర్ట్ అడగండి, అదీ మీ పొట్టుది, వేరే ఎవరిదో కాదు.

మామిడి జీడి ఎవరైనా తడిగా నిలవ చేస్తుంటే వెంటనే మానండి. 2001లో ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో తిండి లేక మామిడి జీడి జావ తాగి గిరిజనులు చనిపోయారు. జీడికి బూజు పట్టడమే కారణమని అప్పట్లో చెప్పారు. ఆకలి అసలు కారణం, అది వేరే చర్చ. బూజు విషం మాత్రం ఎక్స్‌ట్రాక్ట్ చేస్తే పోయేది కాదు, ఒక్కోసారి ఇంకా చిక్కబడుతుంది.

ప్రకృతి ఆరోగ్యం · మంగళవారం రాత్రి 9.00

బత్తాయి తొక్క, దానిమ్మ తొక్క పొడి కలిపి పొద్దున్నే పరగడుపున తీసుకుంటే షుగర్ నెలలో నార్మల్. మా దగ్గర దొరుకును. నంబరు

వేదిక నిర్వాహకులు · మంగళవారం రాత్రి 9.04

పై పోస్టులో ఫోన్ నంబర్ తీసేశాం. రోగాలు తగ్గుతాయని సరుకు అమ్ముకునే పోస్టులు ఇక్కడ కుదరవు. ఇది రెండోసారి.

లెక్కల మాస్టారు · బుధవారం ఉదయం 6.15

రాత్రి కాగితం మీద వేశాను, చూడు తమ్ముడూ. రోజుకు 20 కేజీల పొట్టు, ఏడాదికి 250 రోజులు, 5 టన్నులు. కెమిస్ట్ గారి పద్ధతిలో కిలోకు 10 లీటర్ల ద్రావణి అనుకుంటే ఏడాదిలో 50,000 లీటర్లు తిప్పాలి. వెనక్కి లాగడంలో 5 శాతం ఆవిరైపోయినా 2,500 లీటర్లు గాల్లోకి. ఆల్కహాల్ కొనాలంటే ఎక్సైజ్ పర్మిషన్, నిల్వకు ఫైర్ వాళ్లు, వదిలే నీళ్లకు పొల్యూషన్ బోర్డు. ఇక పౌడర్ పావు వంతు వచ్చిందనుకో, 1,250 కేజీలు. 40 లక్షల ప్లాంటు ఆ 1,250 కేజీల మీద బతకాలి.

సబ్సిడీ అంటే చిన్న ఫుడ్ యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం అయ్యుంటుంది. 35 శాతం ఇస్తారు, కానీ 10 లక్షలకు మించదు. మిగతా 30 లక్షలు నీ పేరునా, అక్క పేరునా?

కాశీబుగ్గ కుర్రోడు · బుధవారం ఉదయం 8.50

అక్క ఈ పోస్టు చదివి మాస్టారికి దండం పెట్టమంది.

ఒకటి చెప్పాలి. నిన్న రాత్రి ఆగలేక రెండు గుప్పిళ్ల పొట్టు తెచ్చి మా అమ్మ ఇనుప మూకుడులో నీళ్లు పోసి మరిగించా. పది నిమిషాలకు ఎర్రగా టీ డికాక్షన్‌లా వస్తుందనుకుంటే, నల్లగా సిరాలా అయిపోయింది. అంచుల్లో కాస్త పాచి రంగు. మూకుడు ఎంత తోమినా పోవడం లేదు, అమ్మ తిట్లు వేరే. పొట్టు చెడిపోయిందంటారా?

తార్నాక కెమిస్ట్ · బుధవారం ఉదయం 9.15

చెడిపోలేదు, మీరు సిరా తయారుచేశారు! టానిన్‌కు ఇనుము తగిలితే నల్లబడుతుంది. కరక్కాయ టానిన్ అయితే నీలి నలుపు వస్తుంది. కాటెకిన్ రకం టానిన్ అయితే ఆకుపచ్చ ఛాయ ఉన్న నలుపు. మీ మూకుడు అంచు పాచి రంగు చూపించిందంటే, పైసా ఖర్చు లేకుండా మీకో ల్యాబ్ రిపోర్ట్ వచ్చినట్టే. ఈసారి స్టీలు గిన్నె వాడండి. మూకుడుకు నిమ్మచెక్కతో రుద్దండి.

పెడన అచ్చు · బుధవారం ఉదయం 11.37

నేను ఈ వేదికలో రాయను, చదువుతా అంతే. ఆ మూకుడు కథ చదివాక ఆగలేకపోయా. మాది పెడనలో కలంకారీ అచ్చుల పని. గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేస్తాం. పాత ఇనప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆ నీళ్లతో అచ్చు వేస్తే, వేసిన చోట నల్లగా తేలుతుంది. మీ అమ్మగారి మూకుడులో జరిగిందీ అదే.

పొట్టు నీళ్లు కరక్కాయకు బదులు పనికిరావు. గుడ్డ మొత్తం ఎర్రబారిపోతుంది, మాకు వెనక నేల లేతగా ఉండాలి. కానీ గోధుమ రంగు, ఇటుక రంగు నేల అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. రసాయన రంగు కాదని రాసివ్వమంటారు. ఒక 50 కేజీలు పంపగలరా? ధర మాట్లాడుకుందాం. తొక్క ముక్కలు మాత్రం ఉండకూడదు. మా ఆడవాళ్లు చేతులతో పిండే గుడ్డ అది.

ఉద్దానం ఆడపడుచు · బుధవారం మధ్యాహ్నం 12.05

ఈ ఆఖరి మాటకు నా తరఫున కూడా దండం అన్నా.

చిత్తూరు గుజ్జు · బుధవారం మధ్యాహ్నం 12.40

కుర్రోడా, ముందు జల్లెడ సంగతి చూడు. పొట్టు తేలిక, తొక్క ముక్క బరువు. ధాన్యం తూర్పారబట్టినట్టు ఫ్యాన్ ముందు పోస్తే చాలావరకు విడిపోతుంది. కన్ను ఎంత సైజు పెట్టావో చెప్పు, మా టెంక పొడికి కూడా చూస్తా.

ఆమ్‌స్టర్‌డామ్ ఆంధ్రుడు · బుధవారం సాయంత్రం 7.20

రంగుకైతే నావెల్ ఫుడ్ గొడవే లేదు. నేనింత పెద్ద పోస్టు రాసి భయపెట్టాను, ఆ దారి తట్టలేదు. ఇంకో ముక్క: పౌడర్ అమ్మేవాళ్లలో చాలామంది, ద్రవాన్ని వేడిగాలిలోకి చిమ్మి పొడి చేసే స్ప్రే డ్రయ్యర్‌లో ఆరడానికి మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పొడి కలుపుతారు. కన్సల్టెంట్ చూపించిన శాంపిల్ తెల్లగా, తియ్యగా ఉంటే అందులో మీ పొట్టు ఎంతో, పిండి ఎంతో అడగండి.

కాశీబుగ్గ కుర్రోడు · పద్దెనిమిది రోజుల తర్వాత, ఆదివారం

ఆలస్యానికి క్షమించండి, మధ్యలో పిక్కల కొనుగోళ్లు.

కన్సల్టెంట్‌ను హెచ్‌పీఎల్‌సీ రిపోర్ట్ అడిగా. పంపిస్తానన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. శాంపిల్ సీసా మూత తీసి నాలుక మీద పెట్టుకుంటే వగరు తక్కువ, తీపి ఎక్కువ.

అక్క పొట్టు తీసే గదికీ తొక్క కోసే గదికీ మధ్య తడిక కట్టించింది. ఇంతకుముందు సాయంత్రం ఒకే చీపురుతో రెండూ ఊడ్చేవాళ్లు, అక్కడే కలిసిపోతోంది మొత్తం. ఇప్పుడు చీపుర్లు వేరు, గోనెలు వేరు. కోసేవాళ్లందరికీ గ్లౌజులు తెచ్చాం. మొదటి రోజు చేతులు ఉక్కపోస్తున్నాయని తీసి పక్కన పెట్టారు. లోపల వేసుకునే గుడ్డ గ్లౌజులు కూడా తెచ్చాక వేసుకుంటున్నారు.

పెడనకు 60 కేజీలు వెళ్లింది. నిన్న ఫోటో వచ్చింది. ఇటుక రంగు నేల మీద నల్లటి లతలు. మా అమ్మ చూసి, "మూకుడు పోతే పోయింది కానీ చీర బాగుంది" అంది. ఇంకో 100 కేజీలు అడిగారు, లారీ ఖర్చు వాళ్లదే. బాయిలర్‌కు పొట్టు బంద్. మిగిలినది లారీవాడికే ఇస్తున్నా, కాకపోతే విడిగా శుభ్రంగా ఉందని ఈసారి బేరమాడితే ధర కాస్త కదిలింది.

కెమిస్ట్ గారూ, కిలో పొట్టు పార్సిల్ చేస్తా, ఎపికాటెకిన్ ఎంతుందో ఒకసారి తెలుసుకోవాలని ఉంది, అంతే. ఎక్కడ పరీక్ష చేయించాలో చెప్పండి, డబ్బు కడతా. చిత్తూరు అన్నా, జల్లెడ కన్ను అడిగావు కదా, పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లి స్కేలు పెట్టి కొలిచి ఇక్కడే రాస్తా.